ఫ్రాక్చర్ చేసిన హారిజాంటల్ బావిలో గ్యాస్ ప్రవాహం: 20 సెల్స్‌తో మొదలుపెట్టి సిమ్యులేషన్ చేయడం ఎలా

నేను కట్టిన మొదటి షేల్ గ్యాస్ మోడల్‌లో లక్షకు పైగా సెల్స్, అంటే లెక్క కోసం రాయిని విడగొట్టిన గళ్లు, ఉండేవి. త్రీడీ బొమ్మ రంగురంగులుగా తిరుగుతుంటే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పగుళ్ల పక్కన సెల్ వెడల్పు మాత్రం 5 మీటర్లు. ఉత్పత్తి లెక్క బావి డేటాతో కలవకపోతే పగులు పొడవు పెంచాను. అప్పటికీ కలవకపోతే పర్మియబిలిటీ, అంటే రాయి గ్యాస్‌ను తనగుండా పోనిచ్చే గుణం, పెంచాను. చివరికి కలిసింది. తప్పు కారణంతో కలిసిందని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడైతే అదే పనిని 20 సెల్స్‌తో మొదలుపెడతాను. ఆ దారినే ఇక్కడ అడుగడుగునా చెబుతున్నాను. డార్సీ సూత్రం తెలిసి, పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో నాలుగు లూపులు రాయగలిగితే చాలు.

## ముందు రాయినీ పగులునూ వేరుగా చూడండి

షేల్ రాయిలో గ్యాస్ ఉంటుంది, కానీ దానంతటది బయటికి రాదు. అందుకే బావిని పొర దాకా దింపి, అక్కడ మళ్లించి, కిలోమీటరో రెండు కిలోమీటర్లో పొర వెంబడి తవ్వుతారు. ఆ పొడవును స్టేజీలుగా విడగొట్టి, ఒక్కో స్టేజీలో నీళ్లూ ఇసుకా కలిపి రాయి చీలేంత పీడనంతో పంపుతారు. పంపు ఆపాక చీలిక పూర్తిగా మూసుకుపోకుండా ఇసుక అడ్డం ఉంటుంది. బావిని సాధారణంగా కనిష్ఠ హారిజాంటల్ ఒత్తిడి దిశలో తవ్వుతారు కాబట్టి పగుళ్లు బావికి అడ్డంగా, కడ్డీకి గుచ్చిన పలకల్లాగా వరసగా ఏర్పడతాయి.

గ్యాస్‌కు ఇక్కడ రెండు ప్రయాణాలున్నాయి. రాయి నుంచి పగులు గోడ దాకా ఒకటి, పగులు గుండా బావి దాకా మరొకటి. మొదటిది నత్తనడక, రెండోది పరుగు. రాతిలో 25 మీటర్ల దూరం నుంచి రావడానికి సంవత్సరాలు పడుతుంది. పగుల్లో 100 మీటర్లకు ఆ సమయంతో పోలిక కూడా ఉండదు. కాబట్టి మొత్తం లెక్కను శాసించేది రాతిలో పగులు గోడకు లంబంగా జరిగే ఆ నెమ్మది ప్రవాహమే.

## అడుగు 1: కాగితం మీద లెక్క

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇది ఏ నిజమైన బావీ కాదు, షేల్ బావులకు నప్పే అంకెలు మాత్రమే.

బావి అడ్డం పొడవు 1500 మీటర్లు. 30 స్టేజీలు, స్టేజీకి 3 చొప్పున మొత్తం 90 పెర్ఫరేషన్ క్లస్టర్లు (పగులు మొదలవ్వడానికి బావి గొట్టానికి పెట్టే రంధ్రాల గుంపులు). స్టేజీకి ఒక్క పగులే నిజంగా పనిచేస్తోందని ప్రస్తుతానికి అనుకుందాం. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం. అంటే 30 పగుళ్లు, వాటి మధ్య దూరం 50 మీటర్లు. పగులు బావికి అటూ ఇటూ 100 మీటర్ల చొప్పున పోయింది, ఎత్తు 50 మీటర్లు. రాతి సచ్ఛిద్రత (ఖాళీల వాటా) 6 శాతం, అందులో 70 శాతం గ్యాస్. పర్మియబిలిటీ 100 నానోడార్సీలు. మొదటి పీడనం 30 మెగాపాస్కల్స్, ఉష్ణోగ్రత 90 డిగ్రీల సెల్సియస్, బావి అడుగున పీడనం 5 మెగాపాస్కల్స్.

ఇప్పుడు సౌష్ఠవం వాడుకోండి. పక్కపక్కనున్న రెండు పగుళ్లకు సరిగ్గా మధ్యలో గ్యాస్ ఎటూ కదలదు. బావికి ఎడమ పక్క జరిగేదే కుడి పక్కా జరుగుతుంది. కాబట్టి ఒక పగులు ఒక రెక్క, దాని ఒక ముఖం, అక్కడి నుంచి 25 మీటర్ల రాయి తీసుకుంటే చాలు. ఒక్కో పగులుకు ఇలాంటి ముక్కలు 4, మొత్తం బావికి 120. ముక్క ఘనపరిమాణం 25 × 100 × 50, అంటే 1,25,000 ఘనపు మీటర్లు. అందులో గ్యాస్ నిండిన ఖాళీ 5,250 ఘనపు మీటర్లు. ఆ పీడనంలో ఉన్న ఒక ఘనపు మీటరు మీథేన్ ఉపరితలానికి వచ్చేసరికి దాదాపు 240 ఘనపు మీటర్లవుతుంది. అంటే ముక్కకు సుమారు 12.7 లక్షలు, బావి మొత్తానికి సుమారు 15 కోట్ల ఘనపు మీటర్లు. మీ సిమ్యులేటర్ చూపించే నిల్వ దీనికి దగ్గరగా లేకపోతే ఎక్కడో యూనిట్ తప్పింది. చాలాసార్లు తప్పేది నానోడార్సీని మిల్లీడార్సీలోకి మార్చేటప్పుడు, సున్నాల దగ్గర. 100 నానోడార్సీలంటే 0.0001 మిల్లీడార్సీ. అయితే ఈ తప్పు నిల్వలో కనబడదు, వేగంలో కనబడుతుంది. అందుకే వేగం లెక్కా కావాలి.

## అడుగు 2: గడియారం

పీడన మార్పు రాతిలో ఎంత వేగంగా పాకుతుందో చెప్పేది డిఫ్యూజివిటీ. పర్మియబిలిటీని గ్యాస్ నిండిన సచ్ఛిద్రత, స్నిగ్ధత, సంపీడ్యత, ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే అది వస్తుంది. 100 నానోడార్సీలంటే దాదాపు 10⁻¹⁹ చదరపు మీటర్లు. 30 మెగాపాస్కల్స్ దగ్గర మీథేన్ స్నిగ్ధత సుమారు 0.021 మిల్లీపాస్కల్-సెకన్లు, సంపీడ్యత మెగాపాస్కల్‌కు సుమారు 0.023. గుణించి భాగిస్తే సెకనుకు దాదాపు 4.9 × 10⁻⁶ చదరపు మీటర్లు.

దూరం వర్గాన్ని దీంతో భాగిస్తే సమయం వస్తుంది. 25 మీటర్లకు దాదాపు 4 ఏళ్లు. పక్క పగులు ప్రభావం ఉత్పత్తి వక్రంలో కనబడడం ఇందులో పావు వంతు దగ్గర, అంటే సుమారు ఏడాదికి మొదలవుతుంది. సరళ సిద్ధాంతం ప్రకారం ఆ పావు వంతు సమయానికే చివరికి రాగలిగే గ్యాస్‌లో సగానికి పైగా వచ్చేసి ఉంటుంది. గ్యాస్ ధర్మాలు పీడనంతో మారతాయి కాబట్టి నిజంలో ఈ అంకె కాస్త అటూఇటూ అవుతుంది. 5 మెగాపాస్కల్స్ దగ్గర డిఫ్యూజివిటీ మొదటి విలువలో ఆరో వంతుకు పడిపోతుంది కూడా. కాబట్టి తోక భాగం ఈ లెక్క చెప్పినదానికంటే నెమ్మదిగా సాగుతుంది.

## అడుగు 3: సమీకరణం

ఒక్కో సెల్‌కు రాసేది ద్రవ్యరాశి నిత్యత్వమే: లోపలికి వచ్చింది, బయటికి పోయింది, మిగిలింది. సెల్‌లో గ్యాస్ ద్రవ్యరాశి మారే రేటు, దాని ముఖాల గుండా వచ్చే ప్రవాహాల మొత్తానికి సమానం. ముఖం గుండా ప్రవాహం డార్సీ సూత్రం నుంచి వస్తుంది: పర్మియబిలిటీ, సాంద్రత, పీడన భేదం పైన, స్నిగ్ధత, దూరం కింద.

మూడు విషయాల్లో జాగ్రత్త. రెండు సెల్స్ మధ్య పర్మియబిలిటీకి హరాత్మక సగటు వాడండి. మామూలు సగటు వాడితే పగులు సెల్ పక్కన రాయి కూడా పగులంత ఉదారంగా గ్యాస్ వదిలేస్తుంది. సాంద్రతను, స్నిగ్ధతను ప్రవాహం వస్తున్న వైపు సెల్ నుంచి తీసుకోండి. గ్యాస్‌ను ఆదర్శ వాయువుగా పెట్టకండి. జెడ్ ఫ్యాక్టర్‌కు (ఆదర్శ వాయువుతో తేడాను చెప్పే అంకె) 1975 నాటి ద్రాంచుక్, అబూ-కాసెమ్ సమీకరణం, స్నిగ్ధతకు 1966 నాటి లీ, గొంజాలెజ్, ఈకిన్ సూత్రం పొడి గ్యాస్‌కు బాగా సరిపోతాయి. వీటిని ముందే పట్టికగా వేసుకుంటే ప్రోగ్రామ్ వేగంగా నడుస్తుంది.

## అడుగు 4: గ్రిడ్

నేను తిన్న దెబ్బ ఇక్కడే. మొదటి రోజు ముగిసేసరికి పీడన మార్పు రాతిలో పాకే దూరం, డిఫ్యూజివిటీని ఒక రోజుతో గుణించి వర్గమూలం తీస్తే, 0.65 మీటరు. నా మొదటి సెల్ 5 మీటర్లు. ఆ సెల్ దాటడానికి పీడనానికి దాదాపు 59 రోజులు పడుతుంది. అంటే మొదటి రెండు నెలలు సిమ్యులేటర్ ఇచ్చిన రేటు రాతి ప్రవర్తన కాదు, నా సెల్ వెడల్పు ప్రవర్తన. నిజం కంటే బాగా తక్కువ రేటు వస్తోంది. దాన్ని కప్పిపుచ్చడానికి నేను పగుళ్లను పొడిగిస్తూ పోయాను.

సెల్స్ అన్నీ చిన్నవి చేయక్కర్లేదు. పగులు పక్క సెల్ 0.05 మీటరుతో మొదలుపెట్టి, తర్వాతిది అంతకు 1.3 రెట్లు చొప్పున పెంచుతూ పోతే 25 మీటర్లకు 19, 20 సెల్స్ చాలు. మొదటి సెల్ దాటడానికి ఎనిమిదిన్నర నిమిషాలు. బావి ఉత్పత్తి డేటా సాధారణంగా అంతకంటే సూక్ష్మంగా ఉండదు. పగులు పొడవు వెంబడి మాత్రం పెద్ద సెల్స్ ఫరవాలేదు, కొనల దగ్గరా బావి దగ్గరా కాస్త చిన్నవి చేయండి.

## అడుగు 5: పగులు సెల్, బావి కనెక్షన్

అసలు పగులు వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. అంత సన్నని సెల్ పెడితే సాల్వర్ మొరాయిస్తుంది. కాబట్టి వెడల్పు పెంచి, దానికి తగ్గట్టు మిగతావి తగ్గిస్తాం. పగులు వాహకత, అంటే పర్మియబిలిటీ × వెడల్పు, మారకూడదు. సచ్ఛిద్రత × వెడల్పు కూడా మారకూడదు. ఉదాహరణకు 3 మిల్లీమీటర్ల పగులు వాహకత 10 మిల్లీడార్సీ-మీటర్లు అనుకుంటే దాని పర్మియబిలిటీ సుమారు 3,333 మిల్లీడార్సీలు. సెల్ వెడల్పు 0.3 మీటరు చేస్తే పర్మియబిలిటీ 33, సచ్ఛిద్రత 0.35 నుంచి 0.0035 అవ్వాలి. మొదటిది చాలామంది గుర్తుంచుకుంటారు, రెండోది మరిచిపోతారు. అప్పుడు పగుల్లోనే వంద రెట్లు గ్యాస్ నిల్వ చేరి మొదటి రోజుల రేటు ఉబ్బిపోతుంది.

పగులు సరిపడా వాహకమేనా అని చూడడానికి ఒక నిష్పత్తి ఉంది: పగులు వాహకతను, రాతి పర్మియబిలిటీ × పగులు ఒక రెక్క పొడవుతో భాగించాలి. మన ఉదాహరణలో ఇది 1000 వస్తుంది. 300 దాటితే పగుల్లో పీడనం అంతటా ఒకేలా ఉందనుకోవచ్చు. ఇసుక నలిగి వాహకత వంద రెట్లు పడిపోతే నిష్పత్తి 10 అవుతుంది, అప్పుడు పగులు కొనల గ్యాస్ బావికి అందడం కష్టం.

బావి పగులును ఒక్క చోట గుచ్చుకుని పోతుంది కాబట్టి పగులు తలంలో ప్రవాహం బావి చుట్టూ వృత్తాకారంగా కుంచించుకుంటుంది. 1983లో పీస్‌మన్ ఇచ్చిన సూత్రం దీనికి సరిపోతుంది: పగులు తలంలో సెల్ పొడవు వర్గం, ఎత్తు వర్గం కలిపి, వర్గమూలం తీసి, 0.14తో గుణిస్తే సమాన వ్యాసార్థం. సాఫ్ట్‌వేర్‌లో బావి దిశ తప్పుగా ఇస్తే అది రాతి తలంలో ఈ లెక్క వేస్తుంది. మరో మాట, పెర్ఫరేషన్లు పగులు సెల్స్‌లోనే తెరవండి. బావి పొడవునా తెరిచేసి ఉంచిన మోడల్స్ నేను చాలానే చూశాను.

## అడుగు 6: సమయం నడపడం

ఇంప్లిసిట్ పద్ధతి (ప్రవాహాలను స్టెప్ చివరి పీడనాలతో లెక్కగట్టేది) వాడండి, ప్రతి స్టెప్‌లో న్యూటన్ పద్ధతితో పరిష్కరించండి. మొదటి స్టెప్ ఒక నిమిషం చుట్టూ, తర్వాత ఒక్కోటి 1.2 నుంచి 1.5 రెట్లు, గరిష్ఠంగా 30 రోజులు. న్యూటన్ కుదరకపోతే స్టెప్ సగం చేసి మళ్లీ ప్రయత్నించాలి. ప్రతి స్టెప్ చివరా వచ్చిన గ్యాస్, మిగిలిన గ్యాస్ కూడి మొదటి నిల్వతో పోల్చండి. తేడా కనబడితే ముందుకు పోవద్దు.

## అడుగు 7: వర్గమూలం పరీక్ష

ఇక్కడ ఓపిక పట్టినవాళ్లకు తర్వాత టెన్షన్ ఉండదు. బావి అడుగు పీడనాన్ని స్థిరంగా 5 మెగాపాస్కల్స్ దగ్గర పెట్టి 20 సెల్స్ మోడల్ నడపండి. పక్క పగులు ప్రభావం తగలనంత కాలం రేటు సమయం వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గాలి. 1వ రోజు రేటు 100వ రోజుకు పదో వంతు అవ్వాలి. లాగ్-లాగ్ గ్రాఫ్‌లో వాలు మైనస్ అర.

జెడ్ ఫ్యాక్టర్ మారుతుంది, స్నిగ్ధత మారుతుంది, మరి ఈ నియమం ఉజ్జాయింపే కదా అనిపించవచ్చు. కాదు. మొదటి పీడనం అంతటా ఒకటే అయి, అడుగు పీడనం స్థిరమై, పగులు వాహకత చాలా ఎక్కువైతే, పరిష్కారం మొత్తం దూరం ÷ సమయం వర్గమూలం అనే ఒక్క రాశి మీదే ఆధారపడుతుంది. గ్యాస్ ధర్మాలు ఎంత వంకరగా మారినా ఇది చెడదు. కాబట్టి రేటు × సమయం వర్గమూలం విలువ 1 నుంచి 100 రోజుల దాకా ఒకటి రెండు శాతం మించి ఊగితే తప్పు మీ గ్రిడ్‌దో స్టెప్‌దో, భౌతికశాస్త్రానిది కాదు. మొదటి సెల్‌ను కావాలనే 5 మీటర్లు చేసి ఒకసారి నడపండి. ఆ వక్రం మొదట చదునుగా పడుకుని తర్వాత జారడం కంటితో చూస్తే మళ్లీ ఎప్పుడూ మరిచిపోరు.

వాలు మైనస్ పావు వస్తే పగులు వాహకత చాలడం లేదని అర్థం. ఏడాది తర్వాత వాలు నిటారుగా దిగడం మొదలైతే పక్క పగులు ప్రభావం వచ్చింది. నిజమైన బావుల్లోనూ ఇదే కనిపిస్తుంది: టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో 8,294 బావుల డేటాను పరిశీలించి 2013లో ప్రచురించిన విశ్లేషణ, మొదట వర్గమూలం నియమాన్నీ ఆ తర్వాత ఘాతాంక క్షీణతనూ చూపించింది.

## అడుగు 8: ఇప్పుడు మాత్రమే అదనపు భౌతికశాస్త్రం

అధిశోషణతో మొదలుపెట్టండి. షేల్‌లోని సేంద్రియ పదార్థం గోడలకు గ్యాస్ అంటుకుని ఉంటుంది. లాంగ్‌మ్యూర్ సూత్రం ప్రకారం, గరిష్ఠ సామర్థ్యం టన్నుకు 2.5 ఘనపు మీటర్లు, లాంగ్‌మ్యూర్ పీడనం (సగం సామర్థ్యం నిండే పీడనం) 5 మెగాపాస్కల్స్, రాతి సాంద్రత ఘనపు మీటరుకు 2.5 టన్నులు అనుకుందాం. 30 మెగాపాస్కల్స్ దగ్గర ఘనపు మీటరు రాయికి అంటుకున్న గ్యాస్ 5.4 ఘనపు మీటర్లు, ఖాళీల్లోని స్వేచ్ఛా గ్యాస్ 10.2. మూడో వంతు గోడలకే ఉంది, ఇక పండగే అనిపిస్తుంది. కానీ పీడనం 30 నుంచి 15కు పడితే ఊడి వచ్చేది 0.67 మాత్రమే. 15 నుంచి 5కు పడితే 1.56. ఎక్కువ భాగం చివర్లోనే వస్తుంది, మొదటి ఏడాది మ్యాచ్‌లో (మోడల్‌ను బావి డేటాతో కలపడంలో) దీని పాత్ర తక్కువ. అంటుకున్న పొర కూడా ఖాళీలో చోటు ఆక్రమిస్తుందని మరవకండి. లేదంటే ఒకే ఖాళీని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

తర్వాత జారుడు ప్రవాహం, అంటే సన్నని రంధ్రాల్లో అణువులు గోడల వెంబడి జారిపోవడం. అణువు రెండు ఢీల మధ్య పోయే సగటు దూరం మన ఉదాహరణలో 30 మెగాపాస్కల్స్ దగ్గర సుమారు 0.4 నానోమీటర్లు, 5 దగ్గర సుమారు 1.5 నానోమీటర్లు. రాతి రంధ్రం 10 నానోమీటర్లే అయితే తక్కువ పీడనంలో డార్సీ లెక్క నిజం కంటే తక్కువ చూపిస్తుంది. 1941లో క్లింకెన్‌బర్గ్ చెప్పిన సవరణ, పర్మియబిలిటీ × (1 + స్థిరాంకం ÷ పీడనం), మొదటి ప్రయత్నానికి చాలు.

పీడనం పడే కొద్దీ పగులు బిగుసుకోవడం దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. దాన్ని పీడన తగ్గుదలతో ఘాతాంకంగా తగ్గే వాహకతగా పెట్టండి. మూడింటినీ ఒకేసారి ఆన్ చేయకండి. ఒక్కోటి ఆన్ చేసి, వక్రం ఎటు కదిలిందో చూసి, రాసిపెట్టుకోండి.

## అడుగు 9: మొత్తం బావి

పగుళ్లన్నీ ఒకేలా ఉన్నాయనుకుంటే ముక్క ఫలితాన్ని 120తో గుణించండి, అంతే. అడుగు పీడనం స్థానంలో ఇప్పుడు నిజమైన చరిత్ర ఇవ్వాలి. ఉపరితల పీడనమే ఉంటే ట్యూబింగ్ నష్టాలు లెక్కగట్టి కిందికి మార్చాలి. మొదటి కొన్ని వారాలు పంపిన నీళ్లే వెనక్కి వస్తుంటాయి. గ్యాస్ ఒక్కటే ఉన్న (ఒకే ఫేజ్) మోడల్‌తో ఆ భాగాన్ని మ్యాచ్ చేయడానికి తంటాలు పడకండి.

పగుళ్ల పొడవులు వేర్వేరుగా ఉన్నా, వంకరగా ఉన్నా, పక్క బావి దగ్గరగా ఉన్నా పూర్తి మోడల్ కావాలి. పగులును గ్రిడ్‌తో సంబంధం లేకుండా విడిగా పెట్టి, అది కోసిన సెల్స్‌తో కలిపే ఎంబెడెడ్ డిస్క్రీట్ ఫ్రాక్చర్ మోడల్ ఇక్కడ బాగా పనికొస్తుంది. కాకపోతే అది కోసే సెల్స్ పెద్దవైతే అడుగు 4 జబ్బు తిరగబెడుతుంది, కాబట్టి వర్గమూలం పరీక్ష దానికీ పెట్టండి. ఉచితంగా దొరికేవాటిలో నార్వేలోని సింటెఫ్ సంస్థ తయారుచేసిన ఎమ్మార్‌ఎస్‌టీ నేర్చుకోవడానికి మంచిది, పెద్ద మోడల్స్‌కు ఓపీఎం ఫ్లో ఉంది.

## అడుగు 10: హిస్టరీ మ్యాచ్, అది చెప్పనిది

సమయం వర్గమూలానికి ఎదురుగా, పీడన భేదాన్ని రేటుతో భాగించి గీయండి. గ్యాస్‌కు మామూలు పీడనం బదులు 1966లో అల్-హుస్సేనీ, రేమీ, క్రాఫర్డ్ ప్రతిపాదించిన సూడో ప్రెషర్ (గ్యాస్ ధర్మాల మార్పును కలుపుకున్న పీడనం) వాడితే గీత ఇంకా తిన్నగా వస్తుంది. ఆ గీత వాలు ఇచ్చేది పగుళ్ల మొత్తం వైశాల్యం × పర్మియబిలిటీ వర్గమూలం. రెండూ కలిసే వస్తాయి, విడిగా రావు.

గీత వంగే సమయం దొరికితే రెండూ విడిపోతాయని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. లెక్క వేసి చూద్దాం. మన మోడల్: 30 పగుళ్లు, సగం దూరం 25 మీటర్లు, 100 నానోడార్సీలు. రెండో మోడల్: 60 పగుళ్లు, సగం దూరం 12.5 మీటర్లు, 25 నానోడార్సీలు. వైశాల్యం రెట్టింపు, పర్మియబిలిటీ వర్గమూలం సగం, కాబట్టి వాలు అదే. దూరం వర్గం నాలుగో వంతు, పర్మియబిలిటీ నాలుగో వంతు, కాబట్టి వంగే సమయమూ అదే. పగులు వాహకత సరిపడా ఉన్నంత వరకూ రెండు మోడల్స్ వక్రాలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. నమ్మకం కుదరకపోతే నడిపి చూడండి. డేటా గట్టిగా చెప్పేది పగుళ్లు అందుకున్న రాతి ఘనపరిమాణం, పర్మియబిలిటీ వర్గమూలం ÷ దూరం, ఈ రెండే.

ఈ బావి ఇంకా ఎంత ఇస్తుందో చెప్పడానికి ఇవి చాలు, రెండు మోడల్స్ జవాబూ ఒకటే. పేచీ తర్వాతి బావి డిజైన్ దగ్గర వస్తుంది. 90 క్లస్టర్లు పెర్ఫరేట్ చేశామని మొదట్లో చెప్పుకున్నాం కదా. మొదటి మోడల్ ప్రకారం అందులో 60 పనిచేయడం లేదు. అన్నీ పనిచేయించగలిగితే తొలి రేటు మూడు రెట్లు. రెండో మోడల్ ప్రకారం పనిచేయనివి 30 మాత్రమే, పెరిగేది ఒకటిన్నర రెట్లు. పెర్ఫరేషన్ డిజైన్ మీద ఎంత ఖర్చు పెట్టవచ్చన్నది ఈ తేడా మీదే ఉంటుంది. దీన్ని ఏ సిమ్యులేటరూ తేల్చదు. బావిలో దింపిన ఫైబర్ ఆప్టిక్ కేబుల్ ఎన్ని క్లస్టర్లలోకి ద్రవం వెళ్లిందో చూపిస్తే తేలుతుంది, లేదా కోర్ శాంపిల్స్ మీద కొలిచిన పర్మియబిలిటీ ఒక వైపుకు తూచాలి. అవి చేతికొచ్చేదాకా నేను నివేదికలో రెండు మోడల్స్‌నూ పక్కపక్కన పెట్టి ఇస్తాను.